తలల లెక్క

కెంట్‌లో నవంబరు ఆరింటికి ఇంకా చీకటే.
ఐ-ఫైవ్ మీది వంతెన కమ్మీకి ఆనుకుని
నేనూ వెర్నా,
చేతిలో చెరొక మీటల డబ్బా.
మా ఉద్యోగం తలలు లెక్కపెట్టడం.
కార్లు కాదు. తలలు.

ఒంటి తలకి తెల్లమీట,
జంటకి పచ్చది,
మూడు, ఆపైన ఎన్నున్నా ఎర్రది.
వైపరు ఒకసారి అటు వెళ్ళి ఇటు వచ్చేలోగా
తడి అద్దం వెనక మనిషి
ఇలా కనిపించి అలా మాయమవుతాడు.
అంతలోనే నొక్కాలి.

కింద మూడు లేన్లు
వడ్డన మరిచిపోయిన బంతిలా
కూర్చున్నచోటే కూర్చుని ఉంటాయి.
మధ్యగోడ పక్కన, డైమండు ముగ్గు వేసి ఉంచిన
కార్‌పూల్ లేనులో మాత్రం
సగం విస్తళ్ళు ఖాళీ.
"ఎంత దండగ!" అన్నాను మొదటిరోజు.
పంతొమ్మిదేళ్ళుగా ఈ వంతెన మీద తడుస్తున్న మనిషి వెర్నా,
వాదించదు.
తొమ్మిదింటికి రెండు డబ్బాలూ నా ముందు పెట్టింది.
కిక్కిరిసిన లేనుకన్నా ఆ ఖాళీ లేనులోంచే
ఎక్కువమంది పనికి వెళ్ళిపోయారు.
అప్పటిదాకా నేను చూసింది రేకుల్ని.

లెక్క తప్పడం కూడా నేర్చుకున్నాను.
బూడిదరంగు కారులో టోపీ పెట్టుకున్న పెద్దమనిషిని
నాలుగు రోజులు పచ్చమీటకి ఎక్కించాను.
ఐదోరోజు ఎండ కాసింది,
ఆయనకి ముక్కు లేదు.
దిష్టిబొమ్మకి సీటుబెల్టు కట్టి మరీ తిప్పుతున్నాడు ఆ మహానుభావుడు.
అదే, వెనక సీట్లో వెనక్కి తిరిగి నిద్రపోయే చంటిబిడ్డ
ఇక్కణ్ణుంచి కనపడదు.
ఎంతమంది తల్లుల్ని దొంగల కింద జమకట్టానో.

ఒకరోజు ఆ లేనులోనే శవాల బండి వెళ్ళింది.
వెనక పెట్టెలో ఉన్నవాడి తల లెక్కకొస్తుందా అని అడిగాను.
వెర్నా నవ్వడం అదే మొదలు.
"వాడికేం తొందర?" అంది.

మేమిద్దరం రెంటన్ నుంచే వస్తాం.
రెండు కార్లలో.
ఈ సంగతి ఇద్దరం ఎత్తం.

ఆ మంగళవారం కూడా మధ్యలో ఉన్నది గీత ఒక్కటే.
ఇటు అరవై మైళ్ళు, అటు నత్త నడక.
గోడ కాదు, కంచె కాదు,
వానకి సగం మాసిన తెల్లరంగు.
చిన్న ఆకుపచ్చ కారు, ఒంటి తల, తెల్లమీట,
ఓపిక పట్టీ పట్టీ
గీత దాటి మూతి బయటపెట్టింది.
వెనక నుంచి వ్యాను.
గిడ్డంగిలో రాత్రి డ్యూటీ దిగి ఇళ్ళకు పోతున్నవాళ్ళు,
అప్పుడే ఎర్రమీట నొక్కాను.

బ్రేకు కేక వంతెన కమ్మీలోకి పాకింది.
వ్యాను అడ్డం తిరిగి, మధ్యగోడకి భుజం రాసుకుంటూ
చాలాసేపు, చాలాసేపు ఆగింది.
నా బొటనవేలు దానంతటది మళ్ళీ మీట మీదికి పోయింది.
వెర్నా నా చెయ్యి పట్టుకుంది.
"వాళ్ళని ఒకసారి లెక్కపెట్టేశాం."

ఆకుపచ్చ కారులో ఆమె
దిగకుండానే స్టీరింగు మీద తల వాల్చేసింది.
వ్యాను తలుపు జరిగింది.
ఒక్కొక్కరే దిగి గోడవార నిలబడ్డారు,
టిఫిను డబ్బాలు వదలకుండా.
డ్రైవరు వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ
తనవాళ్ళని లెక్కపెట్టుకున్నాడు.
ఐదు.
వంగి సీట్ల కింద వెతికాడు.
మళ్ళీ మొదటినుంచి.
ఐదే.

ఆగిపోయిన నాలుగు లేన్ల మీంచి, వానలోంచి
నేను అరిచాను:
నిన్ను! నిన్ను కలుపుకో!

ఏ భాషలో అరిచానో గుర్తులేదు.
అతను తలెత్తి చూడలేదు,
మూడోసారి మొదలుపెట్టాడు.