రెండు గంటలు

మంగళవారం పదింటికి సెలా వస్తుంది.
చెప్పులు గుమ్మం బయటే విప్పుతుంది
టోంగాలో వాళ్ళమ్మ నేర్పినట్టు.
"వెళ్ళిరా విల్మా, రెండు గంటలు నీవి" అంటుంది.

నావి.
తొమ్మిదేళ్ళుగా చేతిలో లేని వస్తువు,
ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

మొదటివారం మందులషాపుకెళ్ళాను, ఆయన మందులకే.
రెండోవారం వీధి మలుపులో కారాపి
స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోయాను.
చేపలకొట్టు కుర్రాడు అద్దం తట్టి
బతికే ఉన్నావా అనడిగాడు.
కాస్త ఆలోచించి, ఉన్నానన్నాను.

ఆఫీసు కాగితాల్లో నన్ను సంరక్షకురాలు అని రాశారు.
పెళ్ళి రిజిస్టర్లో వేరే మాట ఉండేది.

ఈవేళ పోర్ట్ పిరీ రేవు దాకా నడిచాను,
ముప్పయ్యొక్కేళ్ళు ఆయన డ్యూటీ చేసిన
సీసం కొలిమి పొగగొట్టం కనపడేదాకా.
గాలికి కళ్ళు మండాయి.
గాలికే.

తొందరగా వచ్చేశాను, పాడు అలవాటు.
కిటికీలోంచి చూస్తే
సబ్బునురుగు గడ్డంతో కుర్చీలో ఎర్విన్.
సెలా ఏదో అంది,
పళ్ళసెట్టు లేని నోటితో పకపకా నవ్వుతున్నాడు
నేను గీస్తే నా మణికట్టు మెలితిప్పే మనిషి.

కడుపులో మంట. అసూయే,
పేరు మారిస్తే ఏం లాభం.
నిన్న రాత్రి "ఎవరమ్మా నువ్వు" అన్నదీ
ఈ గొంతే.

తాళంచెవి తలుపులో పెట్టబోయి
వాచీ చూసుకున్నాను.
ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.

మెట్టు మీద, సెలా చెప్పుల పక్కన
నావీ విప్పి
కూర్చున్నాను.