కుడి సిలిండరు

ముందే చెబుతున్నా రైగో,
తర్వాత నన్ననకు.

రెండో గేరుకీ మూడో గేరుకీ నడుమ
ఎవరిదీ కాని జాగా ఒకటుంది.
మెత్తగా తొక్కావో, అక్కడే దిగబడుతుంది.
ఇంజను అరుస్తుంది, బండి కదలదు,
వెళ్ళిపోతా వెళ్ళిపోతా అంటూ
గడప దాటని మనిషిలా.
మడమతో దిట్టంగా వెయ్యి. మొహమాటం పనికిరాదు.

జనరేటరు సంగతి నీకు తెలిసే ఉంటుంది,
ఆ కాలపు ఉరాల్ బళ్ళన్నిటికీ అదే జబ్బు.
ఇంజను ఊపిరిని బట్టి హెడ్‌లైటు.
మలుపులో నెమ్మదిస్తే
దారి కూడా ఆరిపోతుంది.
నవంబరులో నాలుగు కొట్టకముందే చీకటిపడే దీవిలో
ఇదేమీ చిన్న లోపం కాదు.
కాకపోతే ముప్ఫై ఏళ్ళుగా టపా మోస్తున్నా,
కీహ్నులో మలుపులన్నీ నాకు కంఠతా వచ్చు.

నూనె కారుతుంది. ఎక్కణ్ణించని అడగొద్దు.
ఏ ఇంటి ముందు ఆపితే ఆ ఇంటి ముందు
నల్లగా నిశానీ వేసి వస్తుంది.

కిక్కు కొట్టేటప్పుడు కాలు జాగ్రత్త, తిరగబడి తంతుంది.
మా ఎండెల్ పిక్క మీద మచ్చ దాని చలవే.
సముద్రం పదకొండో రోజున
అతన్ని తిరిగిచ్చినప్పుడు
ఆ మచ్చ చూసే
అవునన్నాను.

సరే. కార్బురేటర్లు.
రెండూ ఒకదాని మాట ఒకటి వినవు.
ఉప్పుగాలికి సైడ్‌కారు అడుగు జల్లెడైంది,
పలక వేసి బిగించాను, ఉత్తరాలు తడవవు.
ఆఁ, కుడి సిలిండరు.
వాల్వు వదులై టక్కుటక్కుమంటుంది.
ఎటూ విప్పుతున్నావు కదా,
అదీ చూసెయ్యి.

*

డబ్బు ఈ కవరులో ఉంది, లెక్క చూసుకో.

నా పాత చారల పావడా నేల మీద పరిచి
నువ్వు విప్పిన ఒక్కో ముక్కా
వరసగా పేర్చుకున్నది గుర్తుంది.
తొమ్మిది రోజులు. ఒక్క మర కూడా మిగల్లేదు.
పనిమంతుడివే, అందులో మాటలేదు.

మర్నాడు టపా వేసుకుని లెమ్సి వైపు వెళ్ళాను.
వెన్నలో కత్తిలా పోతోంది బండి.
సాల్మె ఇంటి దగ్గర ఆపితే
గేటు దగ్గర ఎవరూ లేరు.
టక్కుటక్కు వినబడగానే
కాఫీకి నీళ్ళు పెట్టేది ఆమె.
పొయ్యి చల్లగా ఉంది.
వాళ్ళ కుక్క, నా చేతి రొట్టె తిని పెరిగిన కుక్క,
నన్ను చూసి పళ్ళు బయటపెట్టింది.

చూపు పోయిన యూస్త్ మెట్ల మీద కూర్చుని
"ఎవరది?" అన్నాడు.
ఈ దీవిలో పుట్టి
ఈ దీవిలోనే ముసలిదాన్నవుతున్న నేను
మొట్టమొదటిసారి
నా పేరు చెప్పుకున్నాను.

ఆ రాత్రి షెడ్డులో
కుడి సిలిండరు మూత తెరిచాను.
నువ్వు బిగించిన నట్టు వదులు చేసి
వెంట్రుక మందం సందు పెట్టాను,
చాలదనిపించి ఇంకో వెంట్రుక.
తెలుసు, ఇంజనుకు మంచిది కాదు.
వాల్వు తొందరగా అరుగుతుంది.
అరగనీ.
ఇన్నాళ్ళూ మేం అరగలేదా?

పొద్దున్న నేను మలుపు తిరిగేసరికి
సాల్మె పొగగొట్టంలోంచి పొగ.

ఆ పని కూలీ తగ్గించుకోలేదు, పూర్తిగానే పెట్టాను.
మిగతావేవీ ముట్టుకోలేదు.
గేర్ల మధ్య ఆ జాగా కోసం
నా మడమ ఇంకా వెతుక్కుంటోంది,
దానికి చెప్పేవాళ్ళు లేరు.

హెడ్‌లైటు మాత్రం, రైగో,
ఎంత మెల్లగా పోయినా ఆరట్లేదు.
సారె దారిలో మూడో మలుపు పక్కన
మోకాలెత్తు రాయి ఒకటుంది, నాచు పట్టి.
ఎన్నాళ్ళుగా ఉందో.
నా చక్రానికి జానెడు దూరంలో.