ఉల్లిపొట్టు ఎరుపు

కోర్చాలో ఆ వసంతం
చర్చి గంట దింపేశారు. లోపల గోధుమ బస్తాలు.
దేవుడు లేడని సంతకం పెట్టమంటే
మా నానమ్మ ఒలింబి
పొయ్యిలో రొట్టె మాడుతోందని లేచి వచ్చేసింది.

ఏడాదంతా ఉల్లిపొట్టు దాచేది, దిండు గలీబులో.
పండగ రాత్రి కిటికీకి దుప్పటి కట్టి
ఒక్కటంటే ఒక్క గుడ్డు ఉడకేసింది, ఎర్రగా.
ఆరుగురం పంచుకున్నాం.
పెంకు నూరి కోళ్ళకు వేసింది.

సోమవారం బళ్ళో వేళ్ళు చాపమన్నారు.
నా గోటి సందున టీచరు చూపు ఆగింది.
"ఏమిటిది?"
"బీట్‌రూట్."
"దేవుడున్నాడా?"
"లేడు" అన్నాను,
ఎవరూ అడగనంత గట్టిగా.

ఇంటికొచ్చి, చెప్పి, ఏడ్చాను.
నానమ్మ తిట్టలేదు. ఓదార్చనూ లేదు.
"పేతురుకైతే కోడి కూసింది.
మన కోళ్ళు పెంకులు మింగి
నోరు మూసుకున్నాయే, పిచ్చిదానా!"

కూరకి ఉల్లిపాయ ఒలుస్తూ కూర్చుంది.
కాసేపటికి, తలెత్తకుండానే,
పొట్టంతా నా ఒళ్ళో పోసింది:
"తడి తగలనీకు.
వచ్చే ఏటికి కావాలి."