సంతకం అక్కర్లేని కాగితం

జకరయ్య సైకిలుకి ఒకటే పెడలు.
రెండోవైపు ఉత్త ఇనప కడ్డీ,
మూడో ఏట ఎండిపోయిన ఎడమకాలు
దాని మీద బట్టమూటలా వేలాడుతుంది.
ఇంటి నుంచి పామూరు రోడ్డు మలుపుకి ఫర్లాంగు దూరం,
అక్కడ స్టాండు వేస్తే ఇక సాయంత్రం దాకా
చక్రం తిరుగుతుంది, సైకిలు కదలదు.
కొడవళ్ళు, కత్తిపీటలు, మస్తాన్‌బీ మటన్ కత్తులు.
సానరాయి మీంచి లేచిన రవ్వలు
చొక్కా గుండెల మీద సన్నసన్న కన్నాలు పెడతాయి.

ఆ సైకిలుని లెక్కరాసింది నేనే.

పోయిన ఫిబ్రవరిలో టార్గెట్ వచ్చింది,
సచివాలయానికి మూడొందల మంది సైకిలు తొక్కేవాళ్ళు.
ఆరోగ్యం కోసం, గాలి కోసం,
మూడోదేదో బ్యానరు మడతలో పడి కనపడలేదు.
నేను రెండొందల తొంభై తొమ్మిది దగ్గర ఆగిపోయా.
ఐదింటికి వీడియో కాన్ఫరెన్సు,
ఒంగోలు తెర మీద మా ఊరి పేరు ఎర్రగా.
మిషను పట్టుకుని మలుపుకి పరిగెత్తా.
"ఏలు పెట్టు పెద్దయ్యా, సైకిళ్ళ స్కీము."
"సైకిలిస్తారా పాపా?"
"నీకుందిగా."
నవ్వాడు. ఇనప పొడి అంటిన బొటనవేలు
లుంగీకి తుడిచి పెట్టాడు.
రెండుసార్లు కాదంది మిషను, మూడోసారి ఒప్పుకుంది.
రోజుకెన్ని కిలోమీటర్లని అడిగింది.
సున్నా కొడితే ముందుకి పోలేదు.
ఎనిమిది కొట్టా.

ఊరు పచ్చబడింది.
మండలాఫీసులో శాలువా కప్పి
చేతిలో ఇత్తడి సైకిలు బొమ్మ పెట్టారు నాకు,
దానికి రెండు పెడళ్ళూ ఉన్నాయి.

ఆగస్టులో కవరు.
"వికలాంగుల పింఛను పొందుచున్న మీరు
దినమునకు ఎనిమిది కిలోమీటర్లు సైకిలు తొక్కుచున్నట్లు
రికార్డుల ద్వారా నిర్ధారణ అయినందున"
ముప్పై ఒక్క నెలల సొమ్ము తొంభై మూడు వేలు
పదిహేను రోజుల్లో తిరిగి కట్టాలట.
అందజేయవలసినది సంక్షేమ సహాయకురాలు,
అంటే మళ్ళీ నేనే.

చదివి వినిపిస్తుంటే చక్రం ఆపలేదు ఆయన.
"తొంభై మూడు వేలంటే ఎన్ని కొడవళ్ళు పాపా?"
కొడవలికి ఇరవై. ఫోన్లో లెక్క కట్టా.
నాలుగు వేల ఆరొందల యాభై.
"కనిగిరి మొత్తం మీద అన్ని లేవే,
కోత మిషన్లొచ్చినాయిగా."
అప్పుడు ఆపాడు. సీటు కింద నుంచి
మడతలు నలిగిన జాబుకార్డు తీశాడు.
భార్య సోసమ్మ చెరువులో మట్టి మోసిన పదకొండు వారాలు,
రెండు ఎండాకాలాల కిందటివి, ఇంకా పడని కూలి.
"ఇది మీరు మాకు బాకీ.
దీనికి గడువు ఎన్ని రోజులు?"

సోమవారం ఒంగోలు పోయాం, గ్రీవెన్సుకి.
బస్సు చార్జీ నేనే పెట్టా,
ఆయన వద్దనలేదు.
మూడు గంటల వరస తర్వాత
అర నిమిషం దొరికింది.
"నడవలేనోడివి సైకిలెట్టా తొక్కుతావయ్యా?"
"నడవలేకే సార్ తొక్కేది."
ఆఫీసరు గారు ఒకసారి తలెత్తి చూశారు,
నిజంగానే చూశారు, అది చెప్పాలి.
ఆ తర్వాత అర్జీ మూల మీద
"తగు చర్య నిమిత్తం" అని రాశారు.

బుధవారం ఆ అర్జీ కిందికి దిగి దిగి
నా లాగిన్లోకొచ్చి కూర్చుంది.
ఎదురుగా ఒకటే మీట,
"పరిష్కరించబడినది."
నొక్కకపోతే శుక్రవారానికి మా ఊరు మళ్ళీ ఎరుపు.

నోటీసు అడుగున చీమల బారులా ఓ వాక్యం ఉంది,
"ఇది కంప్యూటరు రూపొందించిన పత్రము, సంతకము అవసరము లేదు."
దాన్ని తిరగేసి
నీలం ఇంకుతో రాశా,
ఎనిమిది అని కొట్టిన చెయ్యి నాది.
కింద పేరు, తేదీ, సంతకం.

ఫొటో తీసి పట్టుకు కూర్చున్నా.
దీన్ని ఎక్కడ ఎక్కించాలో
ఏ గడీ అడగడం లేదు.