ఎవరికీ చెప్పొద్దు

విల్ఫ్ గార్బట్ నా వంటింటి బల్ల మీద
మూడు ఉత్తరాలు పరిచాడు,
పేకముక్కలు దింపేవాడిలా, ఆగి ఆగి.
రెడ్‌కార్‌లో ఆ పొద్దున సముద్రం మీంచి
ఉప్పుగాలి కిటికీని తోస్తోంది.
"చూడు ఈనిడ్, మూడూ గెలిచాయి" అన్నాడు.
నాలుగో గుర్రం పేరు కావాలంటే
నాలుగొందల పౌండ్లు పంపాలట, గురువారంలోగా.

పంతొమ్మిదేళ్లు పందేల షాపులో
అద్దం వెనక కూచున్నదాన్ని నేను.
గెలిచినవాడి చెయ్యి ఎలా వణుకుతుందో తెలుసు,
ఓడినవాడు చీటీని ఎంత చిన్నగా మడుస్తాడో తెలుసు.
కళ్లద్దాలు తుడుచుకుని కాగితాన్ని వెలుతురుకి పట్టాను.

మంచి కాగితమే. శుభలేఖంత మందం.
పైన బంగారు రంగు గుర్రపునాడా.
అడుగున ఎవరో మేజర్ గారి సంతకం, నీలి సిరా.
వేలు తడిచేసి రుద్దాను. చెదరలేదు.
నిజం సిరా అయితే కాస్తయినా సిగ్గుపడేది.
"ప్రియమైన మిస్టర్ గార్బట్" అన్నచోట
పేరు మాత్రం వరసకి వెంట్రుకవాసి కిందకి దిగింది,
చొక్కాకి వేరే రంగు గుండీ కుట్టినట్టు.
చిరునామా చూస్తే పోస్టుబాక్సు నంబరు:
తలుపు లేని ఇల్లు,
కోపమొచ్చినా తట్టడానికి వీల్లేని ఇల్లు.
గెలిచిన గుర్రాల పట్టిక బారెడుంది.
ఓడింది ఒక్కటీ లేదు.
ఆయన లాయంలో వాటికి ఓడటం నేర్పలేదు కాబోలు.

ఇవన్నీ చెప్పాను.
గుడ్డి గుర్రానికి పళ్లు తోమినట్టయింది.
"మరి మూడుసార్లు ఎలా కుదిరింది?" అన్నాడు.
న్యాయమైన ప్రశ్నే.
నా దగ్గర జవాబు లేదు. టీ చల్లారింది.

అప్పుడు కనపడింది, చివర్న, చీమల బారంత సన్నగా:
దయచేసి ఎవరికీ చెప్పొద్దు.

కోటు తగిలించుకుని వీధిలో పడ్డాను.
థాక్రే వాళ్లింట్లో మొదటి ఉత్తరం
కుక్క గిన్నె కింద తడిసి ఉంది.
మురియెల్ వెనకవైపు సరుకుల జాబితా రాసుకుంది,
గుడ్లు, బ్లీచు, తపాలా బిళ్లలు.
డెస్మండ్ రాలేదంటే రాలేదన్నాడు,
మెడంతా ఎర్రబడ్డాక సొరుగు లాగాడు.
పోలండ్ నుంచి వచ్చిన కొత్త జంట
ప్రభుత్వ కాగితమేమోనని ఫైల్లో భద్రంగా దాచింది.

ఒకే తారీఖు. ఒకే మేజరు. ఒకే బంగారు నాడా.
గుర్రాలు మాత్రం వేరు:
థాక్రేకి సాల్ట్ లాంటర్న్,
మురియెల్‌కి గ్రే మిట్టెన్,
డెస్మండ్‌కి బిషప్స్ కెటిల్.
థర్స్క్‌లో ఆ మధ్యాహ్నం పరిగెత్తినవి ఏడు.
ఏడింటినీ తలో గుమ్మానికీ కట్టేసి పోయాడు.
ఒకటి గెలవక చస్తుందా?
గెలిచిన గుమ్మానికే రెండో కవరు,
అందులోనూ గెలిచినవాడికే మూడోది.
మిగిలినవాళ్లు నోరెత్తరు.
ఐదు పౌండ్ల అవమానాన్ని ఎవడు చాటుకుంటాడు?
మా వీధి మౌనమే
ఆ గుర్రాలకి దాణా.

కాగితాలన్నీ తెచ్చి విల్ఫ్ ముందు పెట్టాను.
కుక్క గిన్నె తడి ఆరకముందే.
చాలాసేపు చదివాడు. గుర్రాల మాటే ఎత్తలేదు.
"అందరికీ ప్రియమైన అనే రాశాడా?" అన్నాడు.
"అందరికీ" అన్నాను.
అంత గట్టిగా అనాల్సింది కాదు.

డబ్బు పంపలేదు.
గెలిచిన ముప్పై ఎనిమిది పౌండ్లతో
చూరు గొట్టం బాగుచేయించుకున్నాడు,
వాన పడితే ఇప్పుడు చప్పుడు కూడా రావటం లేదు.

ఆ తర్వాతి మంగళవారం
కర్టెను పక్కకి జరిపితే కనిపించాడు:
పోస్టు రావడానికి ఇంకా పది నిమిషాలుంది,
తల తడిపి దువ్వుకుని,
గేటు గొళ్లెం మీద చెయ్యేసి నిలబడ్డాడు.
కర్టెను మళ్లీ లాగేశాను.

ఎవరికీ చెప్పలేదు.