పలక మీద రాసిన రూలు

మార్కాపురంలో పలకలకు కొదవేముంది.
ఫ్యాక్టరీ గోడ వెనక విరిగిన ముక్కల గుట్ట
వాన పడితే నల్లగా మెరుస్తుంది.
అందులోంచి అంచు పగలనిదొకటి ఏరుకొచ్చి
పదేళ్ళు కబడ్డీ పోటీలకు స్కోరు రాశాను.
బల్ల మీద సుద్దముక్క, తడిగుడ్డ.
విజిల్ మాత్రం రెఫరీ మెడలో.

మా ఆటలో చావు చాలా తేలిక.
వేలు తగిలితే చచ్చినట్టు, గీత దాటితే చచ్చినట్టు.
చచ్చినవాడు బయట వరసలో కూర్చుంటాడు,
మనవాడెవడో పాయింటు తెస్తే
తొడ చరుచుకుంటూ బతికి లేచొస్తాడు.
ఒక్క రాత్రిలో ఆరుసార్లు చచ్చి పుట్టినవాళ్ళను చూశాను.
అందుకేనేమో
మాలకొండయ్య పడ్డప్పుడు ఎవరికీ భయం వేయలేదు.

తర్లుపాడు టీము. సెమీఫైనల్. మే నెల,
రాత్రి పదకొండు, ఫ్లడ్‌లైట్ల చుట్టూ పురుగులు.
కూతకెళ్ళాడు.
మూలనున్నవాడు చీలమండకు దూకాడు,
రెండోవాడి మోకాలు వచ్చి కణత మీద.
తడిసిన గోనె అరుగు మీద పడ్డ చప్పుడు.

లేచాడు.
లేచి అవతలి టీము బెంచీ మీదికి పోయి కూర్చున్నాడు.
జనం ఎంత నవ్వారో!
నేనూ నవ్వాను. ఆ మాట దాచకూడదు.

"రక్తం వచ్చిందా?" అన్నాడు రెఫరీ.
రాలేదు.
రక్తం కారితే బయటికి పంపమని
మా దగ్గరున్న జిరాక్సు కాయితాల్లో ఉంది.
లోపల కదిలినదానికి కాయితం లేదు.
మేనేజరు పెంచలరెడ్డి సోడా కొట్టి మొహాన చల్లాడు,
"ఏం కాలా, పోరా!"
నేను బల్ల దగ్గర్నుంచే అడిగాను,
"అబ్బయ్యా, స్కోరెంత?"
"పద్దెనిమిది, పదహారు" అన్నాడు టక్కున.
అది నిన్నటి ఆటది.
పలక మీద ఇరవై రెండు, ఇరవై మూడు.
నాకు తెలిసింది. నాకొక్కడికే తెలిసింది.
చేతిలో ఉన్నది సుద్దే గదా అనుకున్నాను.

వాడు మళ్ళీ కూతకెళ్ళాడు.
కబడ్డీ కబడ్డీ అంటూ నడిగీత దాటి
మాట జారి
కబ, కబ, కబ అనుకుంటూనే
రెండు పాయింట్లు తెచ్చాడు.
రెండూ రాశాను. గుండ్రంగా, అందంగా రాశాను.

కప్పు తర్లుపాడులో ఎవరి బీరువా మీదో ఉంది.
మాలకొండయ్య ఇప్పుడు
పలకలకు చట్రాలు బిగించే షెడ్డులో డజన్లు లెక్కపెడతాడు.
ఏడు దగ్గర ఆగి, మళ్ళీ ఒకటి నుంచి.
ట్యూబులైటు కింద టోపీ తియ్యడు.
ఎవరన్నా గ్లాసు గట్టిగా పెడితే ఉలిక్కిపడతాడు.
ఓనరు కాశింవలి మంచివాడు, ఆలస్యానికి కూలి కొయ్యడు.

ఆ పలకనే ఇప్పుడు లైటు స్తంభానికి వేలాడదీశాను.
తుడిస్తే పోకుండా పెయింటుతో ఒకటే ముక్క:
తలకు దెబ్బ తగిలినవాడికి ఆ రాత్రికి ఆట లేదు.
కెప్టెన్లు కొట్లాడారు.
"ఇరవై వేల ప్రైజు, నువ్విస్తావా?"
"మనిషి లేచి నిలబడ్డాడు గదా సామీ, ఇంకేం గావాల?"
నిలబడటానికేం,
కంది చేలో దిష్టిబొమ్మా నిలబడుతుంది.
పోయిన వారం కంభం కుర్రాణ్ణి ఆపాను.
ఒక్క పాయింటుతో ఓడి
నా సైకిలు రెండు టైర్లకూ గాలి తీసి పోయారు.
మూడు కిలోమీటర్లు తోసుకుంటూ, వాళ్ళనూ నన్నూ తిట్టుకుంటూ
ఇంటికొచ్చేసరికి తెల్లారింది.

దెబ్బ తిన్నవాణ్ణి ప్రశ్నలడిగే పని మాత్రం
మాలకొండయ్యకిచ్చాను.
నా బల్ల పక్కన స్టూలేసుకుని, టోపీ కిందికి లాక్కుని
కుర్రాడి కళ్ళలోకి వంగి మెల్లగా అడుగుతాడు:
ఇది ఏ ఊరబ్బయ్యా?
ఇవాళేం వారం?
మనం ఎవరితో ఆడుతున్నాం?

అడిగి, చెవి ఒగ్గి
ఎంత శ్రద్ధగా వింటాడో,
తనకూ తెలుసుకోవాలని ఉన్నట్టు.