తొమ్మిది నిమిషాల బ్యాటరీ

పూర్ణా మార్కెట్ వెనక పాత సామాన్ల కొట్లో
పదకొండు వందలకి బేరమాడి తెచ్చాను.
పది అంగుళాల తెర, ఒక్క జీబీ జ్ఞాపకం,
'ఎల్' మీట ఊడిపోయిన గోతిలో
ఎవరిదో బిస్కట్ పొడి.
పాత విండోస్ కళ్ళు తెరిచేలోగా
మా సన్యాసమ్మత్త రెండు తట్టల నెత్తళ్ళు
ఇసక దులిపి మళ్ళీ ఆరబోసేది.

"ముసిల్దయిపోనాది, ఎందుకే గుంటా" అంది.
ముసలిది కాదత్తా, మోత ఎక్కువైంది.
దించుతాను చూడు.

వేట నిషేధం రోజులు.
జెట్టీ పొడుగునా బోట్లు ఒకదానికొకటి ఆనుకుని
తాళ్ళు కిర్రుమనిపించుకుంటున్నాయి.
నాకు మాత్రం ఇదే సీజను.

సీడీ మింగే నోరు లేదు దీనికి.
పెన్‌డ్రైవ్ గుచ్చి, తొలి తెర మెరిసే అర సెకనులో
ఎఫ్‌టూ నొక్కాలి. ఆరుసార్లు తప్పాను.
ఏడోసారి నల్లటి తెర మీద తెల్ల వరసలు
ఆగకుండా పైకి పాకాయి,
వరస వరసకీ ఓకే, ఓకే, ఓకే.
అత్తకి వచ్చిన ఇంగ్లీషంతా ఆ రెండక్షరాలే.
వేలంపాట వింటున్నట్టు తలాడించింది.

టైము ఏ ఊరిదని అడిగింది మిషను.
జాబితాలో మన దేశానికి కలకత్తా ఒక్కటే.
"మన ఇశాపట్నం నేదేటి?"
లేదు.
"పోన్లే, సముద్రం ఒకటే కదా" అని
తనే ఒప్పేసుకుంది.

తర్వాత 'ముందుకు' బొత్తాము కనబడలేదు.
తెర పొట్టి, కిటికీ పొడుగు,
బొత్తాము అంచు కింద ఎక్కడో మునిగి ఉంది.
గంట పోయాక తెలిసింది,
ఆల్ట్ నొక్కిపట్టి కిటికీని పైకి ఈడ్చాలని.
ఈడ్చాను. తేలింది.

డిస్కు మొత్తం చెరిపేయనా?
లోపల ఎవరిదో పెళ్ళి వంటల లెక్క,
ఇరవై రెండు రకాల టిఫిన్ల ధరలు.
ఆ పెళ్ళిలో ఎందరు తిన్నారో.
సరే అన్నాను. చెయ్యి కొంచెం ఆగింది, అంతే.

ఎనభై మూడు శాతం దగ్గర కరెంటు పోయింది.
బ్యాటరీ తొమ్మిది నిమిషాలు.
మిగిలిన పని పదిహేను.

పరదేశి బోటు గుర్తొచ్చింది.
చేపల జాడ చూసే యంత్రం కోసం పెట్టిన
లారీ బ్యాటరీ, పక్కన చిన్న ఇన్వర్టరు.
మూత తెరిచే, రెండు చేతుల్లో పట్టుకుని
గాలిలో హారతి పళ్ళెం మోసినట్టు నడిచాను.
ముందర అత్త టార్చి:
"తాడుంది, దాటు. నూనుంది, జారతావు."
ఒక బోటు, దాని మీంచి ఇంకో బోటు,
నాలుగోది పరదేశిది.
ప్లగ్గు దూర్చేసరికి నాలుగు శాతం.

బోటు ఊగుతుంటే అంకె ఎక్కింది.
డాల్ఫిన్స్ నోస్ మీది లైట్‌హౌస్
తిరిగి తిరిగి వచ్చి చూసి పోయింది.
పరదేశి చాప మీంచి లేచి
"ఏటి పడింది?" అన్నాడు.
"లైనెక్సు" అంది అత్త,
అదేదో కొత్త రకం చేపైనట్టు.

పాస్‌వర్డ్ రెండుసార్లు అడిగితే
"ఒకపాలి సెప్తే నమ్మదేటి?"

తెలుగు పెట్టి నెత్తళ్ళు అని కొట్టాను.
ఒత్తులు విడిపోయి పక్కన పడ్డాయి,
తల ఒకచోట, తోక ఒకచోట.
ఫాంటు కావాలి. ఫాంటుకి నెట్ కావాలి.
నెట్‌కి వైఫై డ్రైవరు కావాలి.
డ్రైవరుకి మళ్ళీ నెట్ కావాలి.
మూడు రోజులు గానుగెద్దునై తిరిగి
చివరికి ఫోను తీగ గుచ్చి దాటాను.

తొలి పద్దు అత్త చెప్పింది:
పరదేశికి కరెంటు బాకీ, ఒక రాత్రిది.
ఎంతని రాయను?
"వల పడ్డాక సూద్దుం. గడి ఖాళీగా ఉంచు."

వెలుతురు తగ్గించే మీట ఇప్పటికీ పనిచెయ్యదు.
నిషేధం ఇంకా తొమ్మిది రోజులుంది.
ఊడిపోయిన 'ఎల్' ఉంది చూశారూ,
తెలుగులో అదే 'త'.
ఆ గోతిలో గోటితో పొడుస్తుంటాను,
అత్త అని రాయాలంటే రెండుసార్లు.